పొగ ఎక్కడిది? బోడుప్పల్ బాల్కనీ డైరీ

12 అక్టోబర్ 2024, శనివారం

పొద్దున స్కూటర్‌కి పూజ చేస్తూ పక్కనే ఉన్న సోల్డరింగ్ ఐరన్‌కి కూడా బొట్టు పెట్టాను. అమ్మ నవ్వింది గానీ వద్దనలేదు. సాయంత్రం జమ్మి ఆకు పెట్టి పెద్దవాళ్ల కాళ్లకు మొక్కి వచ్చాక పని మొదలుపెట్టాను.

పోయిన చలికాలం నాన్నకి దగ్గు రెండు నెలలు వదల్లేదు. గాలి ఎందుకిలా పాడైందంటే, హైదరాబాద్ శివార్లలోని మా బోడుప్పల్ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరి వాదన వాళ్లది. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనుల దుమ్మే కారణమని సగం మంది అంటారు. నాచారం వైపు ఫ్యాక్టరీలని కొందరు, జవహర్‌నగర్ డంప్ యార్డని మూడో ఫ్లోర్ అంకుల్. అందరూ ఒట్టేసి చెప్పేవాళ్లే. కొలిచినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. సరే, మనమే కొలుద్దాం.

సామాను: గాల్లో సన్న కణాల్ని కొలిచే పీఎంఎస్ 5003 సెన్సర్లు రెండు, వాటి అంకెల్ని రాసి వైఫైలో పంపే ఈఎస్‌పీ 32 బోర్డులు రెండు, తేమ, ఉష్ణోగ్రతల కోసం బీఎంఈ 280 రెండు. వాన పడకుండా పీవీసీ ఎల్బో పైపును నోరు కిందికి ఉండేలా బిగించాను. ఈ సెన్సర్ పని చేసే తీరు తేలికే. చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది, లేజర్ వెలుగు దాని మీద పడుతుంది. కిటికీ సందులోంచి ఎండ పడ్డప్పుడు గదిలో నలకలు మెరుస్తాయి కదా, అలా కణాలు మెరిసిన మెరుపును బట్టి ఎన్ని ఉన్నాయో లెక్కేస్తుంది. తూకం వేయదు, మెరుపు చూసి బరువు అంచనా కడుతుంది. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత మర్చిపోతానని భయం.

కొలిచేది పీఎం 2.5. అంటే 2.5 మైక్రాన్లకు లోపు ఉండే కణాలు. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు, ఇంకా తక్కువ. ముక్కు, గొంతు వీటిని ఆపలేవు, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి. మన దేశంలో ఘనపు మీటరు గాలికి 24 గంటల సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 2021లో తన హద్దును 25 నుంచి 15కి దించేసింది.

15 అక్టోబర్

రెండు సెన్సర్లనీ వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టాను, ఒకే గాలికి ఒకే అంకె చెప్తాయా అని. చెప్పలేదు. రెండోది ఎప్పుడూ పదో వంతు ఎక్కువే చూపిస్తోంది. ఆ తేడా నిలకడగా ఉంది కాబట్టి పర్లేదు, కోడ్‌లో సరిచేశాను.

ఈలోగా అమ్మ పులిహోరకి పోపు పెట్టింది. కాగిన నూనెలో ఎండుమిరపకాయలు పడ్డాయో లేదో అంకె 38 నుంచి 410కి ఎగిరింది. చిమ్నీ వేశాక దిగడానికి పావుగంట పట్టింది. ఉత్సాహం ఆగక దేవుడి గదిలో అగరుబత్తి దగ్గర కూడా పెట్టి చూశాను. "దేవుడి దగ్గర పొగ కూడా పొల్యూషనేనంటావా? ముందు ఆ డబ్బా బయట పెట్టు" అంది అమ్మ. పెట్టాను.

19 అక్టోబర్

ఒకటి మా రెండో ఫ్లోర్ బాల్కనీలో. రెండోది మేడిపల్లిలో బావ వాళ్ల డాబా మీద. కాకి ఎగిరినంత దూరం కొలిస్తే రెండు కిలోమీటర్లు ఉంటుంది. బావని వైఫై పాస్‌వర్డ్ అడిగితే "కరెంటు బిల్లు కూడా నువ్వే కడతావా బామ్మర్దీ?" అన్నాడు. నెలకి పది రూపాయలు కూడా కాదని లెక్క వేసి చూపించాల్సి వచ్చింది.

రెండు ఎందుకంటే, రెండు చోట్లా కలిసి లేచి కలిసి దిగేది ఊరందరిదీ. ఒక్కచోటే లేచేది ఆ వీధిది. పేద్ద పరికరాలు లేనివాళ్లకి ఇంతకంటే మంచి కిటుకు లేదు.

26 అక్టోబర్

వారం డేటా గీశాను. మా బాల్కనీలో రోజూ మధ్యాహ్నం రెండున్నరకి నిట్టనిలువుగా ఒక శిఖరం! ఆ టైమ్‌కి మెయిన్ రోడ్డు మీద కాంక్రీటు మిక్సర్ లారీలు తిరుగుతాయి. అంటే దుమ్మే, ఫ్లైఓవర్ దుమ్మే. ఆగలేక గ్రాఫ్‌ని గ్రూపులో పెట్టేశాను. నలభై థంబ్స్ అప్‌లు వచ్చాయి.

27 అక్టోబర్

పరువు పోయింది. బోర్డు టైమ్‌ను మన టైమ్‌లో కాదు, ప్రపంచమంతటికీ ఒకటే లెక్కైన యూటీసీలో రాస్తోంది. ఐదున్నర గంటల తేడా. రెండున్నర శిఖరం నిజానికి రాత్రి ఎనిమిదింటిది. ఆ టైమ్‌కి మిక్సర్ లారీలు లేవు, సీరియళ్లు ఉన్నాయి.

సవరణ పెట్టాను. దానికి మూడే థంబ్స్ అప్‌లు.

30 అక్టోబర్

రాత్రి ఎనిమిది శిఖరం మా దగ్గరే ఉంది, బావ దగ్గర లేదు. అంటే నేరస్థుడు దగ్గర్లోనే ఉన్నాడు. ఇంత దగ్గర్లో అనుకోలేదు. ఏడింటికి బాల్కనీలోకి వెళ్తే నాన్న కుర్చీ వేసుకుని పేపర్ చదువుతున్నారు, కుర్చీ కింద దోమల కాయిల్ వెలుగుతోంది. దానికి సరిగ్గా మూడడుగుల పైన నా సెన్సర్.

2003లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఒక్క కాయిల్ మొత్తం కాలితే వచ్చే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానం. నాన్న 1998లో సిగరెట్ మానేసి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఈ లెక్క చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత "దోమల బ్యాట్ ఎక్కడుంది?" అన్నారు.

ఇప్పటిదాకా పోగైన డేటాలో సాయంత్రం భాగమంతా చెత్తబుట్టకే.

1 నవంబర్

నిన్న దీపావళి. రాత్రి తొమ్మిదికి రెండు సెన్సర్లూ 500 దాటేశాయి. ఈ సెన్సర్‌ని 500 దాకానే నమ్మొచ్చు, ఆ పైన చెప్పేది సొంత కవిత్వం. దొంగెవరో అందరికీ తెలిసిన కేసు కాబట్టి ఈ మూడు రోజుల డేటా పక్కన పెడుతున్నాను.

6 నవంబర్

కాయిల్ పోయాక శిఖరం సగానికి తగ్గింది కానీ పోలేదు. ఇక సీరియస్‌గా వెతకాలి.

ముందు దుమ్ము సంగతి. కిటికీ గట్టును తెల్లగుడ్డతో తుడిచి, భూతద్దం కింద పెట్టి చూశాను. ఎక్కువ భాగం గోధుమరంగు ఇసుక రేణువులు, సిమెంటు రంగు పొడి, టైరు ముక్కల్లాంటి నల్లటి పోగులు, ఎవరివో వెంట్రుకలు. అయస్కాంతానికి కాగితం చుట్టి తిప్పితే సన్నటి ఇనుప పొడి మీసంలా అంటుకుంది, బహుశా వెల్డింగు షాపుది, బ్రేకులది. అరగంట కూర్చున్నాక తట్టింది: భూతద్దంలో కనిపించేది ఏదైనా పీఎం 2.5 కాదు. గట్టు మీద పడిందంటేనే అది బరువైంది. నేను వెతికేది గట్టు మీద వాలకుండా రోజుల తరబడి గాల్లో తేలుతుంది.

ఇంకో చిక్కు. నా సెన్సర్‌కి పెద్ద కణాలు సరిగా కనిపించవు. పీఎం 10 అని, అంటే 10 మైక్రాన్లకు లోపు కణాలన్నిటికీ, ఒక అంకె ఇస్తుంది గానీ అది చిన్నవాటిని చూసి వేసిన ఊహే. కాబట్టి ఈ డబ్బాతో ఫ్లైఓవర్ దుమ్ముకి క్లీన్ చిట్ ఇస్తే మోసం చేసినట్టే. అందుకని నాచారంలో ప్రభుత్వం గాలి కొలిచే స్టేషన్ డేటా దించుకున్నాను. అది రెండూ కొలుస్తుంది. ఎండ కాసే మధ్యాహ్నాల్లో పీఎం 10 బాగా ముందుంటోంది, అంటే దుమ్ము. రాత్రయ్యేసరికి అందులో పీఎం 2.5 వాటా పెరుగుతోంది, అంటే ఎక్కడో ఏదో కాలుతోంది. దుమ్ము రుబ్బితే పుడుతుంది, సన్న కణం మంటలో పుడుతుంది. మినహాయింపులు లేకపోలేదు, కానీ మోటుగా ఇదే సూత్రం.

దుమ్ము మీద ఫిర్యాదు తప్పని అనడం లేదు. ఆ రోడ్డు మీద స్కూటర్ నడిపేవాణ్ణి, నాకు తెలుసు. రాత్రి నాన్నకి వచ్చే దగ్గుకి అదొక్కటే జవాబు కాదంటున్నాను, అంతే.

15 నవంబర్

కార్తీక పౌర్ణమి. అమ్మ తులసి కోట దగ్గర 365 వత్తులు వెలిగించింది. సెన్సర్‌కి గంటసేపు ప్లాస్టిక్ కవర్ తొడిగాను. శాంతి ముఖ్యం.

17 నవంబర్

రాత్రి శిఖరం గురించి ఇంకో విషయం చదివి కాస్త నీరసం వచ్చింది. చలికాలం పొద్దు గుంకగానే నేల త్వరగా చల్లబడుతుంది, నేలను ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన వెచ్చటి పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. పగలు కిలోమీటరు పైదాకా పోయి కలిసిపోయే పొగ రాత్రి వంద, రెండు వందల మీటర్లలోనే ఇరుక్కుంటుంది. అంటే మంటలు ఒక్కటి కూడా పెరగకపోయినా అంకె మాత్రం పెరుగుతుంది. రాత్రి ఎనిమిదింటికి పెరిగిందంటే ఎవరో ఎనిమిదింటికి ఏదో కాల్చారని కాదు.

రెండు సెన్సర్లు పెట్టడం ఎంత మంచిదయిందో ఇప్పుడు అర్థమైంది. మూత ఇద్దరి మీదా ఒకటే. మూత తెచ్చిన పెరుగుదల రెండు చోట్లా ఉంటుంది, మా చోట మాత్రమే మిగిలేది మాది.

22 నవంబర్, రాత్రి పదకొండున్నర

పవర్ బ్యాంకు పెట్టి, మూడో సెన్సర్ ఒకటి చేతిలో పట్టుకుని కాలనీ అంతా తిరిగొచ్చాను. కుక్కలు తప్ప ఎవరూ అడ్డుపడలేదు.

మా గేటు దగ్గర 74. టిఫిన్ సెంటర్ వెనక, రేపటికని కట్టెల పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న చోట 190. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు ఆర్పి నీళ్లు చల్లారు, అయినా 110. మూల మీద ఖాళీ ప్లాటుకి వచ్చేసరికి అంకె 300 దాటింది. కంటికి మంట కనిపించలేదు, వాసన మాత్రం ఉంది, ప్లాస్టిక్ మాడిన తియ్యటి వాసన. చెత్త కుప్ప పైకి చల్లారి, లోపల రాజుకుంటోంది. మంట లేని నిప్పే ఎక్కువ పొగ వదులుతుందని చదివాను, కళ్ల ముందే చూశాను. పొద్దున ఊడ్చేవాళ్లు ఎండుటాకుల్ని అక్కడే తగలబెడతారు, జనం సాయంత్రం చెత్త కవర్లు తెచ్చి దాని మీద పడేస్తారు.

దానికి పక్కనే కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంటు. వాచ్‌మన్ చలిమంట వేసుకుని కూర్చున్నాడు. సెంట్రింగు చెక్క ముక్కలు, ఒక పాత చెప్పు, ప్లైవుడ్డు. వనపర్తి దిక్కు నుంచి వచ్చాడట.

"గది ఉంది కదన్నా, లోపల పడుకోవచ్చుగా?"

"గదికి తలుపేది సార్? చలి వెడ్తది. పిల్లగాడు సుత పండుకున్నడు. ఏం జెయ్యమంటరు?"

టార్చి వేసి చూశాను. నిజమే. తలుపు చోట సిమెంటు సంచులు కుట్టి వేలాడదీసి ఉన్నాయి. చేతిలో సెన్సర్ 340 చూపిస్తోంది. ఆయన మంటకి మూడడుగుల్లో ఉన్నాడు, పిల్లవాడు ఆరడుగుల్లో. నాన్న రెండు వందల మీటర్ల దూరంలో. ఎవరి దగ్గు గురించి ఈ ప్రాజెక్టు మొదలుపెట్టానా అని కాసేపు సిగ్గనిపించింది.

24 నవంబర్

చేపల తొట్టి పంపుని తిరగేసి, గాలి ఊదే బదులు పీల్చేలా చేశాను. ముందు ఎన్95 మాస్కు నుంచి కత్తిరించిన తెల్లటి ముక్క. నిమిషానికి 3 లీటర్ల లెక్కన 12 గంటలకి 2 ఘనపు మీటర్లకి పైగా గాలి దాని గుండా పోతుంది. గాల్లో 80 మైక్రోగ్రాములు ఉంటే ముక్క మీద పడేది 170 మైక్రోగ్రాములు. కంటికి కనిపిస్తుందా అనుకున్నాను. కనిపించింది!

మా బాల్కనీ ముక్క పల్చటి టీ మరకలా గోధుమరంగులో ఉంది. బావ ఇల్లు మెయిన్ రోడ్డుకి దగ్గర, ఆ ముక్క పెన్సిల్ రుద్దినట్టు బూడిదరంగు. డీజిల్ మసి నల్లగా ఉంటుంది, ఆకులూ చెత్తా రాజుకున్న పొగలో జిగట నూనెలాంటి పదార్థాలు ఎక్కువ, అవి గోధుమరంగు ఇస్తాయి. రుజువు కాదు, సాక్ష్యం.

2 డిసెంబర్

ఫెంగల్ తుపాను మబ్బులు, సన్నటి జల్లు. వాన పడితే గాలి కడిగినట్టవుతుందని అందరికీ ఉన్న నమ్మకం. సెన్సర్ మాత్రం పెరిగిందంటోంది! తేమ 93 శాతం. అసలు సంగతి, తేమ 80 దాటాక కణాలు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, ఉబ్బినది ఎక్కువ మెరుస్తుంది, సెన్సర్ మోసపోతుంది. పొగమంచు పొద్దుల్లో కూడా ఇదే కథ.

అమెరికా పర్యావరణ సంస్థ వాళ్లు ఇదే రకం సెన్సర్లకి ఒక సూత్రం ఇచ్చారు: ముడి అంకెని 0.524తో గుణించి, తేమ శాతాన్ని 0.0862తో గుణించి తీసేసి, 5.75 కలపాలి. ముడి అంకె 120, తేమ 60 ఉంటే 63 వస్తుంది. అక్కడి గాలికి కట్టిన సూత్రం ఇక్కడి గాలికి అచ్చంగా సరిపోదు, అయినా ముడి అంకెని పట్టుకుని ఊరందరినీ భయపెట్టడం కంటే నయం. ఇదివరకు రాసినవన్నీ ముడి అంకెలే అని గమనించగలరు.

4 డిసెంబర్

పొద్దున ఏడున్నరకి అటూ ఇటుగా భూకంపం! ములుగు దగ్గర, 5.3 అట. మంచం ఊగింది. సెన్సర్ డబ్బా మేకు నుంచి జారి వేలాడింది. డేటాలో మాత్రం గీత కూడా కదల్లేదు.

14 డిసెంబర్

మూడు వారాల డేటా సరిచేసి లెక్క వేశాను. మా బాల్కనీ రాత్రి సగటులో దాదాపు మూడింట రెండు వంతులు బావ వాళ్ల డాబా మీద కూడా ఉంది. మా వీధి సొంత సంపాదన మూడో వంతే. ప్లాటులో చెత్త, చలిమంట, టిఫిన్ పొయ్యి, అన్నీ కలిపి అంతే. శిఖరాలు మావి, కొండ ఊరిది.

మరి ఆ కొండ ఎక్కడ్నుంచి? డంప్ యార్డు అంకుల్ కోసం గాలి దిశ చూశాను. జవహర్‌నగర్ మాకు ఉత్తరం వైపు. చలికాలం మాకు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి. ఉత్తరపు గాలి ఉన్న రాత్రులు ఎక్కువ, లేని రాత్రులు తక్కువ అన్నట్టు ఏమీ కనిపించలేదు. అంకుల్ ఒప్పుకోలేదు. వాసన వస్తుందిగా అన్నారు. వాసన రావడం వేరు, సన్న కణం రావడం వేరు. వాసన లేనిదే ఎక్కువ ప్రమాదం కావచ్చు.

నాసా ఉపగ్రహాలు పట్టిన మంటల మ్యాప్‌లో నవంబర్‌లో వరి కోతల తర్వాత నల్గొండ వైపు ఎర్రచుక్కలు కనిపించాయి, గాలి కూడా అటు నుంచే. కానీ ఆ రోజుల్లో రెండు సెన్సర్లూ కొద్దిగానే పెరిగాయి. చుక్కలు చూడగానే రైతు మీద తోసేయడం తేలిక, అది నా డేటా చెప్పిన మాట కాదు.

అసలు పెద్ద వాటా ఎవరి పొగగొట్టం నుంచీ నేరుగా రాకపోవచ్చు కూడా. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, బొగ్గు నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, పశువుల పేడ, ఎరువుల నుంచి లేచే అమ్మోనియా గాల్లోనే కలిసి కొత్త కణాలుగా పేరుకుంటాయి. పాలు తోడుకున్నట్టు. ఐఐటీ కాన్పూర్ వాళ్లు ఢిల్లీ గాలి మీద 2016లో ఇచ్చిన నివేదికలో చలికాలం పీఎం 2.5లో ఇలా తోడుకున్నదే 25–30 శాతం. దీన్ని నా డబ్బా ఎప్పటికీ పట్టుకోలేదు. దానికి కణం ఏంటో తెలియదు, ఎన్నో మాత్రమే తెలుసు.

22 డిసెంబర్

అసోసియేషన్ మీటింగ్. గ్రాఫులు ప్రింటు తీసి తీసుకెళ్లాను. ఎండుటాకులకి ఒక గుంత తవ్వి ఎరువు చేద్దామంటే ఒప్పుకున్నారు. ఖాళీ ప్లాటు యజమాని విదేశాల్లో ఉన్నాడట, వాళ్ల తమ్ముడికి ఫోన్ చేస్తామన్నారు. వాచ్‌మన్ గదికి తలుపు పెట్టించమని బిల్డర్ని అడగాలంటే మాత్రం "అది మన పని కాదు కదా" అన్నారు. చివరికి నలుగురం కలిసి నాలుగున్నర వేలు వేసుకుని సెకండ్ హ్యాండ్ తలుపు ఒకటి కొని బిగించాం. గడియ మూడో ఫ్లోర్ అంకుల్ తెచ్చారు, డంప్ యార్డు మీద అభిప్రాయం మార్చుకోకుండానే.

3 జనవరి 2025

తలుపు పెట్టి పదకొండు రోజులు. తొమ్మిది, పదకొండు మధ్య వచ్చే ముళ్లలాంటి శిఖరాలు పోయాయి. రాత్రి సగటు తగ్గిందా? ఏదో రెండు మూడు మైక్రోగ్రాములు, అది కూడా గాలి వల్లో తలుపు వల్లో చెప్పలేను. పిల్లవాడు మాత్రం లోపల పడుకుంటున్నాడు.

15 జనవరి

సంక్రాంతికి సగం హైదరాబాద్ ఊళ్లకి వెళ్లిపోతుంది కదా, వాహనాల వాటా తేలడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదనుకున్నాను. 11 నుంచి రోడ్లు ఖాళీ. పొద్దున తొమ్మిదింటి ఎత్తు, సాయంత్రం ఏడింటి ఎత్తు రెండు చోట్లా స్పష్టంగా తగ్గాయి, బావ వాళ్ల దగ్గర ఎక్కువ. ఎగిరి గంతేయబోయి గాలి వేగం చూశాను. అదే రోజుల్లో గాలి కూడా పెరిగింది. పతంగులు ఎగరేసేవాళ్లకి పండగే, నా ప్రయోగానికి దెబ్బ.

13న భోగి. తెల్లవారుజామున నాలుగున్నరకి మా వీధిలోనే మూడు భోగి మంటలు, మూత బాగా కిందికి ఉండే వేళ. మూడు మంటల్లో ఒకటి మేమే వేశాం. పిల్లలు పాత టైరు తెచ్చారు, అదొక్కటి వెనక్కి పంపగలిగాను.

19 జనవరి

ఫిల్టర్ ముక్కల్ని పట్టుకుని యూనివర్సిటీలో తెలిసినాయన దగ్గరికి వెళ్లాను. చూసి నవ్వలేదు, అది ఆయన మంచితనం. మాస్కు గుడ్డ పనికిరాదట. లోహాలు చూడాలంటే 47 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ఫిల్టర్ కావాలి, మసి విడిగా చూడాలంటే క్వార్ట్జ్ ఫిల్టర్. పొటాషియం, లెవోగ్లూకోసన్ ఎక్కువ ఉంటే కట్టె, ఆకు పొగ. సిలికాన్, కాల్షియం ఉంటే మట్టి, సిమెంటు. వెనేడియం, నికెల్ ఉంటే బరువు నూనె మండినట్టు. ఇలాంటివి కనీసం వంద శాంపిళ్లు ఉంటే ఏ మూలం ఎంతో గణితంతో విడదీయొచ్చు. పంపు కూడా నిమిషానికి 16.7 లీటర్లు పీల్చాలి, లేకపోతే పెద్ద కణాల్ని వేరు చేసే మూతి సరిగా పని చేయదు. నా చేపల తొట్టి పంపు 3 దగ్గరే ఆయాసపడుతోంది.

పాత పంపు ఒకటి నెలకి అరువిస్తానన్నారు. శబ్దం మిక్సీ అంత ఉంటుందట. అమ్మకి చెప్పాను. బాల్కనీలో వద్దు, డాబా మీద పెట్టుకో అంది. నీళ్ల ట్యాంకు పక్కన ప్లగ్గు లేదు. రేపు పదిహేను మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు తేవాలి.